బారిస్టరు ప్రకాశం గారి దారి, మన పిల్లల వకీలు చదువు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మమ్మల్ని 'న్యాయశాస్త్ర విద్య - మన సమాజము' అన్న విషయం మీద మాట్లాడమన్నారు. విషయం పెద్దది, మాకిచ్చిన సమయం చిన్నది. అందుచేత ఒక మనిషి కథ పట్టుకుని మాట్లాడతాము. ఆయన మన మతం వాడు కాదు, మన జిల్లా వాడూ కాదు. ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో 1872 ఆగస్టు 23న పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు. తుపాకీకి రొమ్ము చూపిన ఆంధ్రకేసరిగా ఆయన్ను బడిపిల్లలందరూ ఎరుగుదురు. అది 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పటి మాట. ఆ కథ మేమిక్కడ చెప్పబోవడం లేదు. అంతకు ముందు ఆయన ప్లీడరు, పురపాలక సంఘ ఛైర్మన్, ఆపైన బారిస్టరు. ఆ భాగం ఎవరూ చెప్పరు. మనకు కావలసింది అదే.

పదకొండేళ్ళ ప్రాయంలోనే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో భోజనాల హోటలు పెట్టి బిడ్డల్ని సాకింది. ఆ రోజుల్లో, ఆ కులంలో, పూటకూళ్ళు నడపడమంటే తలవంపుగా చూసేవారు. ఆమె లెక్కచేయలేదు. ఈ మాట చెబుతున్నప్పుడు మాకు ధర్మవరంలో అర్ధరాత్రి దాకా పట్టు కండెలు చుట్టే తల్లులు, హిందూపురంలో తెల్లారకముందే లేచి ఇడ్లీ పిండి రుబ్బే తల్లులు కళ్ళముందు కనబడుతున్నారు. వాళ్ళలో కొందరు ఈ సభలోనే వెనుక వరుసల్లో ఉన్నారు. ముందుకు రమ్మంటే రారు!

ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాణ్ణి చేరదీసి రాజమండ్రికి వెంటబెట్టుకుపోయాడు. ఆ పిల్లవాడు అల్లరివాడు, నాటకాల పిచ్చివాడు. అయినా గురువు వదలలేదు. అట్లా చదివి సెకండ్ గ్రేడ్ ప్లీడరు అయ్యాడు.

సెకండ్ గ్రేడ్ ప్లీడరు అంటే ఏమిటో ఈ తరం వాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాము. అప్పట్లో న్యాయవాదుల్లో మెట్లుండేవి. కింది మెట్టు వాడు కింది కోర్టుల్లో మాత్రమే వాదించాలి. కేసు అతనే కష్టపడి తయారు చేసినా, అప్పీలుకు పోయేసరికి పైకోర్టులో నోరు విప్పే హక్కు లేదు. ఇంకొకరి చేతికి కాగితాలిచ్చి వెనుక కూర్చోవాలి. మద్రాసు హైకోర్టులో ఆ రోజుల్లో పేరుమోసిన బారిస్టర్లలో ఎక్కువమంది దొరలే. వాదనలో ఎంత పదును ఉన్నా మన తెలుగు ప్లీడరు గడప బయటే.

ఈలోగా ప్రకాశం గారు రాజమండ్రి పురపాలక సంఘంలో సభ్యుడై, ముప్ఫై ఏళ్ళు అటూ ఇటూ వయసులోనే ఛైర్మన్ అయినారు. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు, దాని వెంట 1884లో మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద నడిచే ఊరు అది. ఓటు పన్ను కట్టేవాడికే. కుర్చీ మామూలుగా భూస్వాములకో, వారు చెప్పిన వారికో పోయేది. పూటకూళ్ళమ్మ కొడుకు ఆ కుర్చీలో కూర్చోవడమంటే సామాన్యం కాదు. ఊరి వీధి, ఊరి నీళ్ళు, ఊరి పన్ను, వీటి వెనుక ఒక చట్టం ఉందని, ఆ చట్టం చదివినవాడి మాటకు కౌన్సిలులో బరువుంటుందని ఆయనకు అక్కడ అనుభవమైంది.

1904లో లండన్ ప్రయాణం. మాంసం ముట్టను, మద్యం ముట్టను, పొగ తాగను అని తల్లికి మాట ఇచ్చి ఓడ ఎక్కారు. 1907లో బారిస్టరుగా తిరిగి వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. మంచి ఆదాయం వచ్చింది. 'లా టైమ్స్' అనే న్యాయశాస్త్ర పత్రిక నడిపారు. 1921లో గాంధీగారి పిలుపు మీద అంతా వదిలేశారు, 'స్వరాజ్య' పత్రిక పెట్టారు, సంపాదించినది దాంట్లో పోశారు. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూసేనాటికి ఆస్తి అంటూ చెప్పుకోదగ్గది లేదు.

ఇక్కడ ఒక మాట. అందరూ ప్రాక్టీసు వదిలినందుకు ఆయన్ను పొగుడుతారు. మేము ఆ ప్రాక్టీసు సంపాదించుకున్నందుకు పొగుడుతున్నాము. వదలడానికి ముందు చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా! మన పిల్లలకు ఇంకా ఆ మొదటి మెట్టే దొరకలేదు. వదిలే సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మంత్రిగా, ముఖ్యమంత్రిగా ఆయన చేసిన పనుల్లో మన ప్రాంతానికి తగిలేవి రెండున్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని, ప్రకాశం గారు తొలి ముఖ్యమంత్రి. 1954 జులై 5న గుంటూరులో హైకోర్టు మొదలయ్యింది. దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు, తర్వాత భారతదేశ ప్రధాన న్యాయమూర్తి అయినవారు. అదే ఏడాది తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. మన రాయలసీమ పిల్లలకు అది మేలే. కాని 1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో విశ్వవిద్యాలయ కేంద్రాలు రెండు ఉండాలని, ఒకటి వాల్తేరు, రెండవది అనంతపురం అని రాసుకున్నారు. మన హిందూపురం ప్రాంతపు కల్లూరు సుబ్బారావు గారు, అనంతపురం పప్పూరి రామాచార్యులు గారు ఆ కాగితం మీద సంతకం పెట్టినవారిలో ఉన్నారు. అనంతపురానికి 1968లో ఒక పోస్టుగ్రాడ్యుయేటు కేంద్రం, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చాయి. కాగితం మీది మాట నేల మీదికి దిగడానికి 44 ఏళ్ళు పట్టిందన్న మాట. పెద్దమనుషుల ఒప్పందం వేరు, చట్టం వేరు. ఒప్పందాన్ని కోర్టులో పెట్టి అడగలేము.

హైకోర్టు సంగతీ అంతే. మన తాతలు మద్రాసు పోయారు, తర్వాత రెండేళ్ళు గుంటూరు, 1956 నుంచి హైదరాబాదు, 2019 జనవరి నుంచి అమరావతి. హిందూపురం నుంచి బెంగుళూరు నూరు కిలోమీటర్లు. అక్కడ ఒక హైకోర్టు ఉంది, పొద్దున రైలెక్కితే చూసి రావచ్చు, కాని అది మనది కాదు!

ఇప్పుడు చదువుల చట్టం దగ్గరికి వస్తాము. ఇదే మన ఇళ్ళలో పొయ్యి మీదికి వచ్చే సంగతి.

పాత మద్రాసు రాష్ట్రంలో, అంటే మన అనంతపురం జిల్లా కూడా కలిసి ఉన్నప్పుడు, కమ్యూనల్ జీ.వో. అని ఒకటుండేది. వైద్య, ఇంజనీరింగు కళాశాలల్లో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకు, క్రైస్తవులకు కలిపి 1, ముస్లిములకు 1. రాజ్యాంగం వచ్చిన తర్వాత చంపకం దొరైరాజన్ అనే ఆమె దాన్ని ప్రశ్నించారు. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారే ఆ జీ.వో.కు వ్యతిరేకంగా వాదించారు. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ జీ.వో.ను కొట్టివేసింది. పద్నాలుగింట ఒకటి అన్న లెక్క ఆనాటితో పోయింది. ఆ తీర్పు ఫలితంగానే అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ జరిగి 15వ అధికరణంలో నాలుగవ ఖండం చేరింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల కోసం ప్రత్యేక ఏర్పాటు చేయవచ్చునన్నది దాని సారం. అంటే మతం పేరు చెప్పి సీటు అడిగే దారి మూసుకుపోయింది, వెనుకబాటుతనం రుజువు చేసి అడిగే దారి తెరుచుకుంది. ఈ తేడా మన పెద్దలు చాలామంది చాలా ఏళ్ళు గ్రహించలేదు. మేమూ ఆలస్యంగానే గ్రహించాము.

1970లో అనంతరామన్ కమిషన్ సిఫారసుల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితాను ఏ, బి, సి, డి అని నాలుగు గుంపులు చేసింది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ వారు బి గుంపులో ఉన్నారు. 1972లో సుప్రీంకోర్టు ఆ జాబితాను నిలబెట్టింది. మరి మిగిలిన పేద సాయిబుల సంగతి? అత్తరు అమ్మేవాడు, గొర్రె కోసేవాడు, ఫకీరు, క్షౌరం చేసే హజాము, బట్టలుతికే ధోబీ, వీళ్ళు జాబితాకు బయటే ఉండిపోయారు.

2004 జులైలో ముస్లిములందరికీ 5 శాతం అని ప్రభుత్వం జీ.వో. ఇచ్చింది. మన వీధుల్లో మిఠాయిలు పంచుకున్నాము. సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. 2005లో చట్టమే చేశారు. నవంబరులో ఐదుగురు న్యాయమూర్తులు దాన్నీ కొట్టివేశారు. 2007లో పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక తీసుకుని, మొత్తం మతాన్ని కాకుండా వృత్తిని బట్టి, సామాజిక స్థితిని బట్టి వర్గాలను విడదీసి 4 శాతం ఇస్తూ ఇంకో చట్టం చేశారు. అదే బి.సి.-ఇ. అచ్చుకట్టలవాండ్లు, అత్తరు సాయిబులు, ధోబీ, ఫకీరు, గారడీ సాయిబులు, హజాము, లబ్బీ, ఖురేషీ, షేక్, సిద్ది, తురక కాశ మొదలైనవారు అందులో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొగల్ మొదలైనవారు లేరు. 2010 ఫిబ్రవరి 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దాన్నీ రద్దు చేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు 14 వర్గాలకు కొనసాగించవచ్చునని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ తర్వాత మన పిల్లలు చేరిన మెడికల్ సీట్లు, ఇంజనీరింగు సీట్లు, టీచరు ఉద్యోగాలు ఆ మధ్యంతర ఉత్తర్వు నీడలో దక్కినవే.

మూడు సార్లు ఎందుకు దెబ్బతిన్నామో ఆ తీర్పులు తీసి చదివితే తెలుస్తుంది. మొదటిసారి, బి.సి. కమిషన్‌ను సంప్రదించలేదు. తర్వాత, సర్వే శాస్త్రీయంగా జరగలేదు, సేకరించిన సమాచారం చాలదు. ఎంతసేపూ అదే మాట. ఊరేగింపుల్లో మన వాళ్ళ సంఖ్య తక్కువైందని ఏ న్యాయమూర్తీ రాయలేదు. లెక్క తక్కువైందన్నారు. మన వీధుల్లో ఎంతమంది పిల్లలు పదవ తరగతి దాటారు, ఎన్ని ఇళ్ళకు సొంత మగ్గముంది, ఎందరు కూలి మగ్గం నేస్తున్నారు, ఎందరు ఆడపిల్లలు ఏ తరగతిలో బడి మానేశారు, ఈ లెక్క మన ఏ జమాత్ దగ్గరైనా పుస్తకంలో రాసి ఉందా? పెళ్ళిళ్ళ రిజిస్టరు ఉంది, చందాల రసీదులున్నాయి. ఇది లేదు.

ఇక్కడ మా కళ్ళతో చూసినది ఒకటి చెప్పాలి. ఊరి పేరు, ఆఫీసు పేరు వద్దు. మగ్గం కూలి చేసే ఒక తమ్ముడి కూతురికి మంచి ర్యాంకు వచ్చింది. బి.సి.-ఇ సర్టిఫికెట్టు కావాలి. తండ్రి కాగితాల్లో షేక్ అని ఉంది. బిడ్డ టి.సి.లో కులం గడిలో ఉత్త 'ముస్లిం' అని రాశారు. బడిలో చేర్చేటప్పుడు ఎవరో తొందరలో రాసిన ఆ ఒక్క మాట పట్టుకుని అర్జీ మూడు సార్లు వెనక్కి వచ్చింది. ఆ తమ్ముడు ప్రతిసారీ కూలి మానుకుని పోయేవాడు. "మల్లా రమ్మన్నారు చాచా" అని మా దగ్గరికి వచ్చేవాడు. మేమూ ఇద్దరం ముగ్గురం పెద్దమనుషులం టోపీలు సర్దుకుని వెళ్ళాము, సలాము చేశాము, కుర్చీలేశారు, టీ ఇచ్చారు. పని కాలేదు. గడువు దాటిపోయింది. బిడ్డ వేరే కళాశాలలో డబ్బు కట్టి చేరింది, తల్లి మెడలోది పోయింది.

ఆ తర్వాత ఒక కుర్ర వకీలు, మన వాడే, మమ్మల్ని అడిగాడు. "ఎందుకివ్వలేదో రాసిమ్మని అడిగినారా?" అని. అడగలేదు. మాకు తోచలేదు. నోటిమాటగా 'మళ్ళీ రా' అన్నదాని మీద ఏ కోర్టుకూ పోలేము. అర్జీకి నకలు, దాని మీద ముట్టినట్టు సంతకమూ తేదీ, నిరాకరిస్తే కారణం చూపిన ఉత్తర్వు, ఈ మూడూ చేతిలో ఉంటే పై అధికారికి అప్పీలు ఉంది. అదీ కాకుంటే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ ఉంది. ముగ్గురు పెద్దమనుషుల సలాములకంటే ఆ ముక్క కాగితం బలమైనదని మాకు అరవై ఏళ్ళు దాటాక తెలిసింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాము.

విద్యాహక్కు కూడా మన రాష్ట్రం నుంచి పోయిన కేసుతోనే గట్టిపడింది. 1993 నాటి ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో, పద్నాలుగేళ్ళ వయసు దాకా చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో 86వ సవరణతో అది రాజ్యాంగంలో 21-ఏ అధికరణమైంది. 2009లో చట్టమై, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇక అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలు తామే పెట్టుకుని నడుపుకునే హక్కు 30వ అధికరణంలో మొదటి నుంచీ ఉంది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ గారు 1947లోనే ఉస్మానియా కళాశాల పెట్టి చూపించారు. మన మూడు ఊళ్ళ సంగతి మీకు తెలిసిందే, మేము చెప్పనక్కరలేదు.

మునిసిపాలిటీ, పంచాయతీ చట్టం గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాము. ప్రకాశం గారి నాటి 1884 చట్టం పోయి 1920 చట్టం, అదీ పోయి 1965 ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చాయి. 1993లో 73, 74వ రాజ్యాంగ సవరణలు అమల్లోకి వచ్చి గ్రామానికి 29 అంశాలు, పట్టణానికి 18 అంశాలు రాజ్యాంగంలోనే రాసిపెట్టారు. ఆడవాళ్ళకు మూడింట ఒక వంతు స్థానాలన్నారు. మన వార్డుల నుంచి కూడా చెల్లెళ్ళు గెలుస్తున్నారు, సంతోషం. అయితే కౌన్సిలరు ఎవరమ్మా అంటే భర్త ముందుకొచ్చి సలాము చేస్తాడు! ఆ భర్తలెవరైనా ఇక్కడుంటే కోపగించుకోవద్దు. కుర్చీ ఆమెది, సమావేశంలో ప్రశ్న వేసే హక్కు ఆమెది, సంతకం ఆమెది. అజెండా కాగితం ఇంటికి వచ్చినప్పుడు ముందుగా ఆమె చేతికి ఇవ్వండి.

ఇంకొకటి, జనన నమోదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన బిడ్డలకు బడిలో చేర్చడానికైనా, మరి దేనికైనా పుట్టిన తేదీకి, ఊరికి జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం మారింది. 21 రోజుల్లో నమోదు చేయించుకోవాలి. ఏడాది దాటిందంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవాలి. మన ఇళ్ళలో అకీకా అయ్యేదాకా పేరు పెట్టము, పేరు పెట్టలేదు కదా అని నమోదుకు పోము. పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు, తర్వాత చేర్పించుకోవచ్చు. ఏడాది లోపలైతే రుసుము కూడా లేదు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, ఆసుపత్రిలో చెప్పే పేరు ఇంకొకటి, బడిలో వేరొకటి పెట్టకండి. షేక్ అని ఒకచోట, షేఖ్ అని ఇంకొకచోట, అసలు లేకుండా మరొకచోట ఉంటే, పద్దెనిమిదేళ్ళ తర్వాత ఆ బిడ్డ మాలాంటి పెద్దమనుషుల వెంట తిరగాలి.

డబ్బు లేక కోర్టుకు పోలేమన్నవారికి 1987 న్యాయసేవల చట్టం ఉంది. ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు ఆవరణలోనే ఆ కమిటీ ఉంటుంది. అడిగితే చాలు.

ఇక చదువు సంగతి. 1961 అడ్వకేట్ల చట్టం ఆ పాత మెట్లన్నీ తీసివేసి, అడ్వకేటు అనే ఒకే తరగతి చేసింది. ప్రకాశం గారు ఏ గోడ దాటడానికి ఓడ ఎక్కి పోవలసి వచ్చిందో ఆ గోడ ఇప్పుడు లేదు. లండన్ పోనక్కరలేదు. ఇంటరు తర్వాత ఐదేళ్ళు, డిగ్రీ తర్వాత మూడేళ్ళు, ప్రవేశానికి లాసెట్ పరీక్ష, చివర బార్ పరీక్ష. మన వాళ్ళు ఇంజనీరింగుకు అప్పు తెస్తారు, గల్ఫ్ వీసాకు అప్పు తెస్తారు. "వకీలయితే అబద్ధాలాడాల కదా చాచా, హలాలేనా?" అని ఒక తల్లి మమ్మల్ని అడిగింది. మంచి ప్రశ్నే. ఆ కూలి తమ్ముడి బిడ్డకు ఒక్క కాగితం రాసిపెట్టి ఉంటే అందులో అబద్ధమేముండేదమ్మా, అన్నాము. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే మా చిన్నదాన్ని చదివిస్తా, పెద్దోడికి ఓపిక లేదు" అంది.

ఆ చిన్నది ఈ ఏడాది లాసెట్ రాయబోతున్నది. ఆమెతోపాటు రాయదలచినవారు పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వండి, పరీక్ష రుసుము సంఘం కడుతుంది. వచ్చే ఆదివారం జుహర్ తర్వాత మన ఆఫీసులో ఇద్దరు వకీళ్ళు కూర్చుంటారు. టి.సి., ఆధారు, రేషను కార్డు, జనన పత్రం నాలుగూ తీసుకురండి, పేర్లు కలుస్తున్నాయో లేదో చూసిపెడతారు. జిరాక్సులు కాదు, అసలువి తెండి.